పాస్‌వర్డులన్నీ ఒకేచోట పెట్టొచ్చా?

ప్రశ్న: అన్ని అకౌంట్లకీ ఒకటే పాస్‌వర్డ్ వాడుతున్నానండి. పాస్‌వర్డులన్నీ దాచిపెట్టే పాస్‌వర్డ్ మేనేజర్ యాప్ పెట్టుకోమంటున్నారు, కానీ అన్నీ ఒకేచోట పెడితే, అదే హ్యాక్ అయితే మొత్తం పోయినట్టే కదా?

జవాబు: మీ భయం ఊరికే వచ్చింది కాదండి, 2022లో లాస్ట్‌పాస్ అనే పాస్‌వర్డ్ మేనేజర్ కంపెనీ నుంచి కస్టమర్ల వాల్ట్ (పాస్‌వర్డులు దాచే పెట్టె) బ్యాకప్‌లు దొంగల చేతికి వెళ్లాయి. కాకపోతే లోపల పాస్‌వర్డులు ఎన్‌క్రిప్ట్ అయి, అంటే తాళంచెవి లేకుండా చదవలేని రూపంలో ఉంటాయి, వాటి తాళంచెవి మేనేజర్ తెరవడానికి మీరు పెట్టుకునే మాస్టర్ పాస్‌వర్డే, మామూలుగా అది కంపెనీ దగ్గర కూడా ఉండదు, అందుకే దాన్ని సంబంధం లేని నాలుగైదు మాటలు కలిపి పొడుగ్గా పెట్టుకోండి, ఇంకెక్కడా వాడకండి, కాగితం మీద రాసి బీరువాలో దాచుకున్నా తప్పులేదు. మర్చిపోతే మాత్రం చాలా మేనేజర్లలో తిరిగి తెచ్చుకోవడం కుదరదు.

నిజానికి ఇప్పుడు మీరు చేస్తున్నదే ఎక్కువ ప్రమాదం. ఏదో చిన్న సైట్‌లో మీ పాస్‌వర్డ్ లీకైతే దాన్నే తీసుకెళ్లి మెయిల్‌లో, బ్యాంకులో ట్రై చేస్తారు. నాకు బాగా నచ్చేది ఇంకోటుంది, అడ్రస్ తేడాగా ఉన్న నకిలీ సైట్‌లో మేనేజర్ పాస్‌వర్డ్ దానంతటది నింపదు, మన కళ్లు మోసపోయినా అది పట్టేస్తుంది. బిట్‌వార్డెన్ అనే మేనేజర్ ఉచితంగానే దొరుకుతుంది, ఆన్‌లైన్‌లో పెట్టడం ఇష్టం లేకపోతే కీపాస్‌లో ఫైల్ మీ కంప్యూటర్‌లోనే ఉంటుంది, బ్యాకప్ మీరే చూసుకోవాలి. ముందు మెయిల్ పాస్‌వర్డ్ మార్చి, టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌కి వచ్చే కోడ్ లాంటిది కూడా అడగడం) ఆన్ చేయండి, మిగతావి మెల్లగా మార్చుకోవచ్చు.