కరాటే క్లాసులో సగం టైము వార్మప్‌కే పోతోంది, మాస్టర్‌ని మార్చాలా?

ఈ ఒక్క కారణానికైతే మార్చొద్దండి. మీ బాబుకి 9 ఏళ్లు, ఒంగోలులో ఈమధ్యే చేర్పించారు, గంట క్లాసులో దాదాపు సగం పరుగు, గుంజీలు, దండీలతోనే అయిపోతోంది, పంచ్‌లూ కిక్‌లూ చివర్లో కాసేపే నేర్పుతున్నారు, ఫీజు దండగేమోనని అడిగారు. నేను నెల్లూరులో కరాటే నేర్చుకుని, ఇప్పుడు సాయంత్రాలు మా మాస్టారి దగ్గరే చిన్నపిల్లల బ్యాచ్‌కి వార్మప్ చేయిస్తున్నాను. ఈ మాట మమ్మల్నీ చాలామంది అడుగుతారు. ముందు ఒక రోజు క్లాసులో చివరిదాకా కూర్చుని, ఆ అరగంటలో ఏం చేయిస్తున్నారో చూడండి. మంచి వార్మప్ కరాటేలో భాగమే. చెడ్డ వార్మప్ మాత్రం టైముతో పాటు పిల్లవాడి కీళ్లనీ పాడుచేస్తుంది.

ఒక్క మవాషి గెరి సంగతే చెబుతాను. కాలిని పక్కనుంచి తిప్పి కొట్టే కిక్ ఇది. ముందు మోకాలు పక్కకి నడుము ఎత్తుకి లేవాలి. అదే సమయంలో నేల మీదున్న కాలి మడమ కాస్త లేచి, పాదం వేళ్ల మొదళ్ల మీద గిర్రున తిరగాలి. పాదం తిరిగితేనే తుంటి తిరుగుతుంది, తుంటి తిరిగితేనే కిక్‌లో విసురు ఉంటుంది. తుంటి బిగుసుకుపోయిన పిల్లవాడు కింది పాదాన్ని అలాగే ఉంచేసి పైకాలిని మాత్రం బలవంతంగా తిప్పుతాడు. అప్పుడు ఆ మెలి అంతా కింది మోకాలి మీద పడుతుంది. మోకాలు ముడుచుకోవడానికీ చాచుకోవడానికీ పనికొచ్చే కీలు, మెలిని ఓర్చుకోలేదు. మా పిల్లల్లో కిక్‌ల రోజున మోకాలు నొప్పని వచ్చేవాళ్లు చాలావరకు కొట్టిన కాలు కాకుండా నిలబడిన కాలే చూపిస్తారు.

అందుకే గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబెట్టి మోకాలు ఎత్తడం, పక్కకి తెరవడం, మడమ లేపి పాదం తిప్పడం, ఇవన్నీ కిక్ లేకుండా నిదానంగా చేయిస్తాం. బయట కుర్చీల్లో కూర్చున్నవాళ్లకి అది ఉత్త ఎక్సర్‌సైజులా కనిపిస్తుంది. కానీ పిల్లవాడు అప్పటికే కిక్‌లో మొదటి సగం నేర్చుకుంటున్నాడు.

నేల కూడా చూసుకోండి. చీమకుర్తి మీకు దగ్గరే కాబట్టి గ్రానైట్ పరిచిన హాలు అయ్యుండొచ్చు, మేడ మీద క్లాసైతే గరుకు సిమెంటు ఉంటుంది. గరుకు నేల ఒట్టి పాదాన్ని తిరగనివ్వకుండా పట్టేస్తుంది, నున్నటి రాయి మీద నాలుగు చెమట చుక్కలు పడితే కాలు జారుతుంది. రెండుచోట్లా చీలమండకి కూడా దెబ్బే. పాదాలూ చీలమండలూ తిప్పించకుండా నేరుగా కిక్‌లలోకి దించే మాస్టర్ అయితే నేను అనుమానిస్తాను.

ఇదంతా జిమ్‌లు వచ్చాక మొదలైన అలవాటు కాదండి. కరాటే పుట్టిన ఒకినావాలో గోజు ర్యూ శైలిని స్థాపించిన మియాగి చోజున్ (1888–1953) కాలివేళ్లతో మొదలుపెట్టి మెడదాకా వచ్చే సన్నాహక వ్యాయామాలని ఒక పద్ధతిగా కూర్చాడు. దాన్ని జున్బి ఉండో అంటారు. ఒంట్లో బలం పెంచే హోజో ఉండో వేరే ఉంది. కర్రకి బిగించిన బరువైన రాయిని తిప్పడం, మట్టి జాడీల మూతిని వేళ్లతో పట్టుకుని నడవడం, తాడు చుట్టిన మకివార కొయ్యని గుద్దడం అందులోవే.

వార్మప్ వేరు, బలం పెంచే కండిషనింగ్ వేరు అని వాళ్లకి అప్పుడే తెలుసు. మన క్లాసుల్లో చాలాచోట్ల ఈ రెండింటినీ కలగాపులగం చేసేస్తున్నారు. మీరు గమనించాల్సింది ముఖ్యంగా ఇదే. రాగానే 100 గుంజీలు తీయించి, తొడలు వణుకుతుండగా కిబా దాచిలో, అంటే గుర్రం మీద కూర్చున్నట్టు కాళ్లు ఎడంగా పెట్టి మోకాళ్లు వంచే భంగిమలో, నిలబెడితే పిల్లవాడు మోకాళ్లు లోపలికి వాల్చేస్తాడు. అలా పదిసార్లు నిలబడితే ఆ తప్పు భంగిమే ఒంటికి పట్టేస్తుంది, తర్వాత మాన్పించడం మహా కష్టం. ముందు వార్మప్, ఒళ్లు తాజాగా ఉన్నప్పుడే టెక్నిక్, దండీలూ గుంజీలూ చివర్లో. మీ మాస్టర్ దండీలు ముందే పెడుతుంటే ఆ వరస మార్చమని మర్యాదగా అడగొచ్చు, తప్పులేదు.

ఒక పని మాత్రం ఎవరు చేయించినా ఒప్పుకోకండి. ఇంకా వేడెక్కని ఒంటితో పిల్లవాణ్ని కాళ్లు చాపించి కూర్చోబెట్టి, వెనకనుంచి వీపు మీద బరువేసి నొక్కడం, లేదా చెరో కాలూ పట్టుకుని పక్కలకి లాగడం. మా బ్యాచ్‌లో ఒకతనికి వేరే ఊళ్లో జరిగిన క్యాంపులో ఇలా నొక్కగా గజ్జల్లో కండరం చిరిగింది. నెలల తరబడి కాలు నడుము ఎత్తు దాటి లేవలేదు, చాలా మంచి కిక్కర్ అతను. నాకు ఇప్పటికీ అది తలుచుకుంటే కోపం వస్తుంది. ఒకే కండరాన్ని నిమిషానికి మించి సాగదీసి పట్టి ఉంచితే ఆ తర్వాత కాసేపు దాని బలం, విసురు కొంత తగ్గుతాయని పరిశోధనల్లోనూ తేలింది. కదులుతూ చేసేవి ముందు, ఆగి సాగదీసేవి క్లాసు అయ్యాక 20, 30 సెకన్లపాటు. అది కూడా పిల్లవాడు తనంతట తాను వంగినంతే.

పిడికిళ్ల మీద దండీలు గట్టి నేల మీద ఈ వయసులో వద్దు, ఎముకలు ఇంకా పెరుగుతున్నాయి. లేటుగా వస్తే శిక్షగా గుంజీలు తీయించే పద్ధతి కూడా నాకు నచ్చదు. వ్యాయామాన్ని శిక్షగా చూసిన పిల్లలు ఆర్నెల్లకే మానేస్తారు.

మన ఎండల గురించి కూడా చెప్పాలి. ఏప్రిల్, మే నెలల్లో నెల్లూరు, ఒంగోలు రెండుచోట్లా నిలబడితేనే చెమట కారిపోతుంది. అది చూసి ఒళ్లు వేడెక్కిందిలే అనుకుని వార్మప్ ఎగ్గొట్టేవాళ్లున్నారు. చెమట ఒంటిని చల్లబరచడానికి పడుతోంది. తుంటీ చీలమండా కదలికకి సిద్ధమయ్యాయనడానికి అది గుర్తు కాదు. ఎండాకాలం మేం పరుగు బాగా తగ్గిస్తాం, కీళ్ల కదలికలు మాత్రం తగ్గించం. క్లాసు పొద్దున్నే పెడతాం, మధ్యలో నీళ్లు తాగనిస్తాం. గాడ్పుల రోజుల్లో మీ బాబుకి ఉప్పేసిన పల్చటి మజ్జిగ సీసాలో పోసి పంపండి. నీళ్లు తాగొద్దని ఆపే మాస్టర్ ఉంటే, అలాంటాయన్ని నిజంగానే మార్చండి.

ఇంకో సంగతి. ఇప్పుడు క్లాసులో చేరే పిల్లల్లో మడమలు నేలకి ఆనించి గొంతుక్కూర్చోలేనివాళ్లు బోలెడుమంది. స్కూలు బెంచీ, ట్యూషన్ కుర్చీ, ఇంటికొస్తే సోఫా. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకి రోజుకి సగటున 60 నిమిషాలు ఒళ్లు కదిలే పని ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఎంతమందికి దొరుకుతోంది? అలా వచ్చిన పిల్లవాడికి మొదటి కొన్ని నెలలు ఒంటిని తయారుచేయకుండా కటా (పంచ్‌లూ కిక్‌లూ ఒక వరసలో చేసే కదలికల కూర్పు) నేర్పితే చేతులే ఆడతాయి, కాళ్లు కుదరవు. క్లాసు లేని రోజుల్లో ఇంట్లో కాసేపు గొంతుక్కూర్చుని లేవడం, ఒంటికాలి మీద నిలబడడం చేయించండి. మోకాలి చిప్ప కింద ఎముక దగ్గర నొప్పి అంటే బద్ధకం అనుకోకుండా డాక్టరుకి చూపించండి. ఎదిగే వయసులో గెంతే పిల్లలకి అది వస్తుంటుంది.

బెల్టు టెస్టు రోజున మాత్రం మీ పని ఒకటుంది. పొద్దున వార్మప్ చేయించాక పేరు పిలిచేదాకా పిల్లలు గంటలకొద్దీ నేల మీదే కూర్చుంటారు, ఆ వేడి ఎప్పుడో పోతుంది. బాబుకి ముందు ఐదారుగురు ఉన్నారనగా లేపి, పక్కన ఖాళీ చూసి ఐదు నిమిషాలు మోకాళ్లు ఎత్తించి, తుంటి తిప్పించి, నిదానంగా నాలుగు కిక్‌లు కొట్టించి అప్పుడు పంపండి.