వెళ్లిపోయిన బ్రదర్స్ పేర్లు నిలపడం ఎలా?

అమెరికా కాలేజీల్లో ఫ్రటర్నిటీలు ఉంటాయి, అంటే ఒకరినొకరు ‘బ్రదర్స్’ అని పిలుచుకునే విద్యార్థుల సంఘాలు. ఒక్కో కాలేజీలోని శాఖను చాప్టర్ అంటారు. ఆ సంఘాల్లో చనిపోయిన సభ్యులను తలచుకునే పద్ధతుల గురించి ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో ఆరింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మా చాప్టర్‌కి దాదాపు వందేళ్లు. చనిపోయిన సభ్యులందరి జాబితా తయారుచేసే బాధ్యత అలమ్నై (పూర్వ విద్యార్థుల) సంఘం నాకు అప్పగించింది. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, ఒహాయో

రోల్ బుక్‌తో మొదలుపెట్టండి, అంటే ఇనిషియేషన్ (సంఘంలోకి చేర్చుకునే వేడుక) రోజున కొత్త సభ్యులు సంతకాలు పెట్టే పుస్తకంతో. చాలామంది ముందు సంతాప ప్రకటనలు వెతుకుతారు. అలా చేస్తే దొరికినవాళ్లే జాబితాలోకి ఎక్కుతారు, ఎవరు తప్పిపోయారో తెలిసే దారే ఉండదు. సభ్యులందరి పేర్లూ ముందే వరసగా రాసుకుంటే ప్రతి పేరు పక్కనా ఏదో ఒకటి రాయక తప్పదు.

ఒక్కో పేరుకి ఈ గళ్లు పెట్టుకోండి: రోల్ నంబరు, సంతకంలో ఉన్న పేరు, నలుగురూ పిలిచే పేరు, ఇనిషియేషన్ తేదీ, డిగ్రీ పూర్తయిన సంవత్సరం, పుట్టిన తేదీ, మరణించిన తేదీ, ఊరు, ఆధారం, సరిచూసిన మనిషి. వీటితోపాటు స్థితి అనే గడి ఒకటి ఉండాలి. అందులో రాయదగ్గ మాటలు మూడే: ఉన్నారు, మరణించారు, తెలియదు. ఈ మూడోదాన్ని గౌరవించండి. ఫ్రటర్నిటీ పంపిన పత్రిక చిరునామా దొరక్క తిరిగి వస్తే, దాని హెడ్‌క్వార్టర్స్ లెక్కలో ఆ సభ్యుడు ‘ఆచూకీ లేనివాడు’ అవుతాడు. ఆ జాబితాను ఎవరో మరో ఫైల్లోకి ఎక్కించేటప్పుడు ఆచూకీ లేనివాళ్లంతా చనిపోయినవాళ్ల గడిలో పడిపోతారు. బతికున్న మనిషి పేరు స్మారక సభలో చదవడానికి మామూలుగా కారణం ఇదే.

ఆధారాలకు మొదట మీ ఫ్రటర్నిటీ పత్రిక పాత సంచికలు తిరగేయండి. మరణించిన సభ్యుల పేర్లకు వాటిలో విడిగా పేజీ ఉంటుంది. తర్వాత సోషల్ సెక్యూరిటీ డెత్ ఇండెక్స్, అంటే అమెరికా ప్రభుత్వం దగ్గర నమోదైన మరణాల జాబితా, చూడండి. 2013లో వచ్చిన చట్టం వల్ల గత మూడు క్యాలెండర్ సంవత్సరాల మరణాలు అందులో అందరికీ కనపడవు. కాబట్టి ఈ మధ్య పోయినవారి పేరు అక్కడ లేనంత మాత్రాన బతికున్నారని అనుకోకూడదు. ఒక్కో మరణానికీ వేరువేరు ఆధారాలు రెండు ఉండాలి. ఒకే సంతాప ప్రకటన పది సైట్లలో కనిపించినా అది ఒక్క ఆధారమే.

అన్నిటికన్నా ఎక్కువగా మోసం చేసేది, తండ్రి పేరే పెట్టుకున్న కొడుకు పేరు చివర వచ్చే ‘జూనియర్’ అన్న మాట. తండ్రి చేరిన చాప్టర్‌లోనే కొడుకు, మనవడు చేరడం ఫ్రటర్నిటీల్లో మామూలే, ముగ్గురిదీ ఒకే పేరు కావడమూ మామూలే. పైగా తండ్రి పోయాక కొందరు తమ పేరులోంచి ‘జూనియర్’ తీసేస్తారు. అందుకని పేరుతో కాదు, పుట్టిన తేదీతో సరిపోల్చండి.

యుద్ధంలో పోయినవారిని రాసేటప్పుడు ఇంకాస్త జాగ్రత్త కావాలి. 1918లో శిక్షణ శిబిరంలో ఇన్‌ఫ్లుయెంజాతో చనిపోయిన కుర్రవాడు సర్వీసులో ఉండగా చనిపోయాడు, శత్రువు చేతిలో కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో విమాన శిక్షణ ప్రమాదాల్లో పోయినవాళ్లూ అంతే. ‘సర్వీసులో ఉండగా మరణించారు’ అని రాస్తే ఇద్దరికీ సరిపోతుంది, నిజమూ చెప్పినట్టవుతుంది. సైనిక రికార్డులు సెయింట్ లూయిస్‌లోని నేషనల్ పర్సనెల్ రికార్డ్స్ సెంటర్‌లో ఉంటాయి. సర్వీసు ముగిసి 62 ఏళ్లు దాటితే ఎవరైనా అడిగి తీసుకోవచ్చు. కానీ 1973 జులై 12న అక్కడ జరిగిన అగ్నిప్రమాదంలో 1.6 కోట్ల నుంచి 1.8 కోట్ల దాకా ఫైళ్లు కాలిపోయాయి. 1912 నుంచి 1960 మొదలు వరకు ఆర్మీ నుంచి విడుదలైనవారి ఫైళ్లలో దాదాపు 80 శాతం వాటిలోనే పోయాయి. ‘ఫైలు లేదు’ అని జవాబు వస్తే ఆయన సైన్యంలో లేడని అర్థం తీయకండి. విదేశాల్లో సమాధి చేసినవారి కోసం అమెరికన్ బ్యాటిల్ మాన్యుమెంట్స్ కమిషన్ పేర్ల జాబితా చూడండి.

ప్రశ్న: నేను చాప్టర్‌లో చాప్లెయిన్‌ని, అంటే ప్రార్థనలు, సంస్మరణలు చూసుకునేవాణ్ని. హోమ్‌కమింగ్‌కి (పూర్వ విద్యార్థులు కాలేజీకి తిరిగొచ్చే, ఫుట్‌బాల్ ఆటతో జరిగే వేడుక) స్మారక సభ పెట్టమన్నారు. కుటుంబాలు కూడా వస్తాయట. ఏం చేయాలి, ఎంతసేపు పెట్టాలి?
– ఒక విద్యార్థి, ఇండియానా

ముందు మీ రిచువల్ పుస్తకం, అంటే సంఘం వేడుకల పుస్తకం, చూసి, మరణ సంస్మరణలో ఏ భాగం సభ్యులకు మాత్రమేనో, ఏది అందరి ముందూ చదవచ్చో హెడ్‌క్వార్టర్స్‌ని అడగండి. రహస్య భాగం ఉంటే దాన్ని సభకు గంట ముందు, తలుపులు మూసి ముగించేయండి. తల్లిదండ్రులు కూర్చుని ఉండగా ‘ఇక సభ్యులు కానివారు బయటికి వెళ్లండి’ అనడం చాలా బాధపెడుతుంది. ఆ బిడ్డ వాళ్లకన్నా మీకు ఎక్కువ అని చెప్పినట్టు వినపడుతుంది.

మాటలు మీ సంఘానివే వాడండి. వెళ్లిపోయినవారు చేరే చోటిని సిగ్మా చై ‘చాప్టర్ ఎటర్నల్’ అంటుంది, ఫై డెల్టా తీటా ‘చాప్టర్ గ్రాండ్’ అంటుంది. ఆల్ఫా ఫై ఆల్ఫాకి అది ‘ఒమేగా చాప్టర్’, కప్పా ఆల్ఫా సైకి ‘చాప్టర్ ఇన్విజిబుల్’. ఒమేగా గ్రీకు అక్షరాల్లో చివరిది, అందుకే చాలా సంఘాలు ఆ ఒక్క అక్షరాన్ని నడుస్తున్న చాప్టర్‌కి పెట్టవు. ఒకరి మాట ఇంకొకరి సభలో పడితే పెద్దవాళ్లు వెంటనే పట్టేస్తారు.

నిడివి లెక్క సులువు. పేరు, సంవత్సరం చదివి, గంట ఒకసారి కొట్టి, ఆ మోత తగ్గేదాకా ఆగితే ఒక్కో పేరుకి ఆరేడు సెకన్లు పడుతుంది. 200 పేర్లంటే 20 నిమిషాలు దాటిపోతుంది. ఎనభై ఏళ్ల అలమ్నై నిలబడి వినలేరు. కిందటి సభ తర్వాత పోయినవారి పేర్లు మాత్రమే చదివి, మొత్తం జాబితా అచ్చువేసి ప్రతి కుర్చీ మీదా పెట్టండి. సభ అంతా అరగంట దాటకూడదు. ప్రతి పేరూ ఎలా పలకాలో కుటుంబానికి ముందే ఫోన్ చేసి కనుక్కుని, చదివే కాగితం మీద పలికే తీరులోనే రాసుకోండి. చదివేది ఒక్కరే కావాలి, గంట కొట్టేది ఇంకొకరు. రెండూ ఒక్కరే చేస్తే కళ్లు కాగితం మీంచి పక్కకు పోయి వరస తప్పుతుంది.

చాప్టర్ హౌస్‌లో (సభ్యులు కలిసి ఉండే ఇంట్లో) కొవ్వొత్తులు వెలిగించనిస్తారో లేదో ముందే అడగండి, చాలాచోట్ల నిషేధం. బ్యాటరీ దీపాలు పెట్టినా సభ విలువ తగ్గదు. యుద్ధాల్లో పోయిన సైనికులను తలచుకునే మెమోరియల్ డే మే ఆఖరి సోమవారం వస్తుంది, అప్పటికి విద్యార్థులు ఇళ్లకు వెళ్లిపోతారు. హోమ్‌కమింగ్ మంచి ఎంపికే, కానీ ఆట అయ్యాక మాత్రం వద్దు. ఆటకు ముందు, పొద్దున్నే పెట్టండి.

ప్రశ్న: మా అబ్బాయి సౌత్ ఏషియన్ ఫ్రటర్నిటీలో ఉండేవాడు. వాళ్లు స్మారక ఫలకం వేయిస్తామంటున్నారు. పేరు ఎలా రాయించాలి? ఫలకం ఎలాంటిదైతే నిలుస్తుంది?
– ఒక తల్లి, టెక్సస్

అమ్మా, పేరు సంగతి ముందు చెబుతాం. మన పిల్లల పూర్తి పేరు వెంకట నాగ సాయి కిరణ్ లాంటిదైతే, అమెరికా రికార్డుల్లో మొదటి మాటే పేరుగా నిలిచిపోతుంది. రోల్ బుక్‌లో ‘వెంకట’ అని ఉంటుంది, హౌస్‌లో మాత్రం అందరికీ అతను కిరణ్. ఫలకం చెక్కేవాడు రోల్ బుక్ చూసి చెక్కితే, దాని ముందు నిలబడ్డ స్నేహితులకు అది ఎవరి పేరో తెలియదు. పూర్తి పేరు, పిలుపు పేరు, ఇంటిపేరు ఏ వరసలో ఉండాలో మీరే కాగితం మీద ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి, సంతకం పెట్టి ఇవ్వండి. ఫోన్‌లో చెప్పవద్దు.

సౌత్ ఏషియన్ ఫ్రటర్నిటీలు వయసులో చిన్నవి. ఐయోటా ను డెల్టా 1994లో, సిగ్మా బీటా రో 1996లో, డెల్టా ఎప్సిలాన్ సై 1998లో, బీటా చై తీటా 1999లో మొదలయ్యాయి. వాళ్ల మొదటి సభ్యులకే ఇప్పుడు యాభై అటూ ఇటూ. పాత సంఘాలకు తరాలుగా కుదిరిన పద్ధతి వీళ్లకు ఇప్పుడిప్పుడే కావలసి వస్తోంది. రోల్ బుక్‌లో పిలుపు పేరుకి ఒక గడి ఈ సంవత్సరమే చేర్చమని మీ అబ్బాయి స్నేహితులకు చెప్పండి.

ఇక ఫలకం. పేర్లన్నీ కలిపి ఒకే కంచు పలకగా పోత పోయిస్తే తర్వాత ఇంకో పేరు చేర్చలేరు. పైన శీర్షిక ఉన్న పలక, దాని కింద విడివిడిగా బిగించే పేరు పట్టీలు పెట్టించడం మేలు. ఖాళీ స్థలం గత పదేళ్ల లెక్కతో తేల్చకండి. సభ్యుల వయసు పెరిగేకొద్దీ ఆ సంఖ్య పెరుగుతుంది. అక్షరాల ఎత్తుకి వాడుకలో ఉన్న లెక్క: పది అడుగుల దూరం నుంచి హాయిగా చదవాలంటే అంగుళం. వరండాలో నాలుగైదు అడుగుల దూరంలో నిలబడి చూసేదైతే పేర్లకు అర అంగుళం చాలు.

బిగించడానికి కంచు లేదా స్టెయిన్‌లెస్ మరలే వాడమనండి. మామూలు ఇనుప మరలు తుప్పుపట్టి, తడి తగిలినప్పుడల్లా పేర్ల మీదుగా ఎర్రటి చారలు దిగుతాయి. ఇత్తడి పట్టీల మీద పారదర్శకమైన లక్క పూత ఉంటుంది. ఎవరో మంచి మనసుతో బ్రాసో లాంటి పాలిష్ పెట్టి గట్టిగా తోముతారు. పూత మచ్చలు మచ్చలుగా లేచిపోయి, అక్కడక్కడ నల్లబడుతుంది. మెత్తని గుడ్డతో దుమ్ము తుడిస్తే చాలు.

చెక్కే ముందు వచ్చే నమూనా కాగితాన్ని ఇద్దరు సరిచూడాలి. అందులో ఒకరు మీ అబ్బాయిని ఎరగనివారై ఉండాలి. ఎరిగినవాళ్ల కన్ను తప్పును తనే దిద్దుకుని చదివేస్తుంది. ఫలకం ఫొటో, పేర్ల ఫైలు యూనివర్సిటీ ఆర్కైవ్స్‌కి ఇచ్చేయండి. చాప్టర్ మూతపడితే గోడ మీది వస్తువులు మొదట పోతాయి.

ప్రశ్న: పోయిన క్లాస్‌మేట్ పేరుతో స్కాలర్‌షిప్ పెట్టాలని పాతికమందిమి అనుకున్నాం. చాప్టర్ ఖాతాలో వేయమంటున్నారు. సరేనా?
– ఒక పాఠకుడు, న్యూజెర్సీ

వేయకండి. చాప్టర్ సాధారణంగా పన్ను చట్టంలోని 501(సి)(7) కింద, అంటే సభ్యుల క్లబ్బుగా నమోదై ఉంటుంది. దానికి ఇచ్చిన డబ్బుకి పన్ను మినహాయింపు ఉండదు, రేపు పైకప్పు కారితే ఆ డబ్బే దానికి ఖర్చయిపోవచ్చు. మీ ఫ్రటర్నిటీకి 501(సి)(3) కింద, అంటే ధర్మసంస్థగా నమోదైన విద్యా ఫౌండేషన్ ఉంటే దానికి ఇవ్వండి, లేదా యూనివర్సిటీ ఫౌండేషన్‌కి. ఐఆర్ఎస్ (అమెరికా పన్నుల శాఖ) సైటులో సంస్థ పేరు కొట్టి చూస్తే ఏ తరగతో తెలుస్తుంది. ఒక్కసారిగా 250 డాలర్లు, ఆపైన ఇచ్చినవారు ఫౌండేషన్ నుంచి రాతపూర్వక రసీదు తీసుకోవాలి. లేకపోతే మినహాయింపు కుదరదు.

పాతికమంది ఏడాదికి 200 డాలర్ల చొప్పున ఐదేళ్లు ఇస్తే 25,000 డాలర్లు. అసలు మొత్తాన్ని కదపకుండా ఏటా 4 శాతం తీస్తే 1,000 డాలర్ల స్కాలర్‌షిప్. శాశ్వత నిధికి కనీస మొత్తం ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, ముందే అడగండి. అంత కుదరకపోతే ఐదేళ్లలో ఖర్చయిపోయే నిధి పెట్టండి. అందులో తక్కువతనం ఏమీ లేదు.

ఎంపిక మీ ఒక్కరి చేతిలో ఉండకూడదు, ఫలానా అబ్బాయికే అని రాయకూడదు. కుటుంబం నుంచి ఒకరు కమిటీలో కూర్చోవచ్చు. అర్హతలు మరీ బిగించకండి. ‘ఈ చాప్టర్, సివిల్ ఇంజనీరింగ్, ఈ కౌంటీ’ అని మూడూ కలిపితే దరఖాస్తు చేసేవాడే ఉండడు. చాప్టర్ మూతపడితే నిధి ఎవరికి వెళ్లాలో ఒప్పందంలో ఒక వాక్యం తప్పకుండా రాయించండి.

డబ్బుని వేరుగా పెట్టడం పెద్ద పనుల్లోనూ పాటించిన పద్ధతే. మార్టిన్ లూథర్ కింగ్ 1952లో బోస్టన్‌లో ఆల్ఫా ఫై ఆల్ఫాలో చేరారు. ఆయనకు వాషింగ్టన్‌లో స్మారకం కట్టాలని ఆ ఫ్రటర్నిటీ 1984లో తలపెట్టింది. 1996లో కాంగ్రెస్ అనుమతి వచ్చింది, విరాళాలకు ప్రత్యేకంగా ఫౌండేషన్ పెట్టారు, 2011లో స్మారకం తెరుచుకుంది. 27 ఏళ్ల పని అది.

ప్రశ్న: మా చాప్టర్‌లో ఒక కుర్రాడు ఆత్మహత్య చేసుకున్నాడు. అతని గదిని స్మారకంగా ఉంచేద్దామంటున్నారు పిల్లలు. సలహాదారుగా నేను ఏం చెప్పాలి?
– ఒక అలమ్నై సలహాదారు, మిషిగన్

ముందు బతికున్న పిల్లల్ని చూసుకోండి. రూమ్మేట్, మొదట చూసినవాడు, ఆ రాత్రి చివరిసారి మాట్లాడినవాడు: ఈ ముగ్గురినీ విడివిడిగా కలవండి, యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటర్‌కి మీరే తీసుకెళ్లండి. ఆత్మహత్య ఆలోచనలు, మానసిక సంక్షోభం ఉన్నప్పుడు సాయం చేసే 988 నంబరుకు ఎవరైనా, ఏ వేళైనా కాల్ చేయవచ్చు, మెసేజ్ పెట్టవచ్చు.

గదిని అలా ఉంచవద్దు. అదే కష్టంలో ఉన్న ఇంకొకరికి అది చెప్పకూడని మాట చెబుతుంది. సామాను మాత్రం కుటుంబం వచ్చేదాకా ముట్టుకోకండి. తాళం వేయించండి, తర్వాత ఇద్దరు కలిసి జాబితా రాయండి, ఫోను, లాప్‌టాప్ కుటుంబం చేతికే ఇవ్వండి. సభలో ఎలా చనిపోయాడో, ఎక్కడో వర్ణించవద్దు. మరణానికి కారణం బయటికి చెప్పాలా వద్దా అన్నది కుటుంబం ఇష్టం. ‘ఇప్పుడు ప్రశాంతంగా ఉన్నాడు’ లాంటి మాటలూ వద్దు. అతను ఎలాంటి స్నేహితుడో చెప్పండి.

కారు ప్రమాదంలో పోయినవాడికి మీ చాప్టర్ ఏం చేస్తుందో ఇతనికీ అదే చేయాలి. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు. పేరు రోల్‌లో అందరి వరసలోనే చదవాలి. ఇలాంటి నియమం కాగితం మీద లేకపోతే, ఈ సెమిస్టర్ గడిచాక మనసులు కుదుటపడినప్పుడు రాసుకోండి.

ప్రశ్న: నాన్నగారు పోయారు. ఆయన ఫ్రటర్నిటీ బ్యాడ్జి నా దగ్గరుంది. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, కాలిఫోర్నియా

హెడ్‌క్వార్టర్స్‌కి ఫోన్ చేసి నియమం అడగండి. కొన్ని సంఘాల్లో బ్యాడ్జి జీవితకాలం వాడుకోవడానికి ఇచ్చిందే, దాని హక్కు సంఘానిదే. కొన్నిట్లో దేహంతోపాటు పంపవచ్చు, లేదా అదే ఫ్రటర్నిటీలో ఉన్న కొడుకో మనవడో పెట్టుకోవచ్చు. వెనక వైపు భూతద్దంతో చూడండి. పేరు, చాప్టర్ అక్షరాలు, ఒక్కోసారి రోల్ నంబరు చెక్కి ఉంటాయి. పాలిష్ పెట్టకండి, ఆ గీతలు అరిగిపోతాయి, అంచుల్లోని ముత్యాలకూ మంచిది కాదు. ఆ ఫోన్‌లోనే నాన్నగారు పోయిన తేదీ కూడా చెప్పేయండి. ఆయన పేరు పత్రికలో, రోల్‌లో సరిగా పడేది అప్పుడే.