బ్రేక్ ప్యాడ్లతో పాటు డిస్కులూ మార్చాలంటున్నారు, నిజంగా అవసరమా?

బెంగళూరు మారతహళ్లిలో కారు సర్వీసుకిస్తే ముందు చక్రాల బ్రేక్ ప్యాడ్లు, డిస్కులు, బ్రేక్ ఆయిల్ అన్నీ మార్చాలన్నారని ఒకరు అడిగారు. చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లెం డిస్కు, బ్రేక్ తొక్కితే దాన్ని నొక్కి పట్టేవి ప్యాడ్లు. మాట కాదు, కొలత అడగండి. చక్రం విప్పించి మీరే చూడండి. కొత్త ప్యాడ్‌కి అరిగే భాగం సుమారు 10–12 మి.మీ. ఉంటుంది. వెనక ఇనుప రేకు లెక్కలోకి రాదు. 3 మి.మీ.కి వస్తే మార్చాల్సిందే. 6 ఉంటే తొందరేం లేదు. సిల్క్ బోర్డు కూడలి ట్రాఫిక్‌లో రోజూ పడిగాపులు కాసేవాళ్లకి త్వరగా అరుగుతాయనుకోండి, అది వేరే సంగతి.

బిల్లు పెరిగేది డిస్కుల దగ్గరే. కనీసం ఎంత మందం ఉండాలో చాలా డిస్కుల మీదే చెక్కి ఉంటుంది. మైక్రోమీటరుతో (మందం కొలిచే పనిముట్టు) కొలిచి చూపించమనండి. దానికి బాగా పైనే ఉండి, లోతైన గాట్లు, పగుళ్లు లేకుండా, బ్రేక్ తొక్కితే పెడల్ అదరకుండా ఉంటే మార్చడానికి ఒప్పుకోవద్దు. వానకి పట్టే పైపై తుప్పు నాలుగు బ్రేకులు వేస్తే పోయేదే.

ఆయిల్ మాత్రం గాలిలో తేమ పీల్చుకుంటుంది. రెండేళ్లు దాటితే నేనైతే బేరమాడను. ఇనుము గీసుకుంటున్న చప్పుడొచ్చినా, పెడల్ మెత్తగా కిందికి దిగుతున్నా ఇంకో మెకానిక్‌కి చూపిద్దామని బండి తీయకండి, అతన్నే ఇంటికి పిలిపించండి.