ట్రాన్స్‌ఫర్ కేసు కారుతోందని దించబోయే ముందు

చిరంజీవి అల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. పికప్ ట్రాన్స్‌ఫర్ కేసు (గేర్‌బాక్సు వెనక ఉండి ముందు, వెనక చక్రాలకు బలం పంచే పెట్టె) కింద రోజూ ఆయిల్ మరక పడుతోందనీ, ఆదివారం కేసు దించి విప్పి సిలికాన్ వేసి బిగించేద్దామనుకుంటున్నాననీ రాశావు. పని నీ చేత్తో చేసుకోవడం మంచిదే. కాకపోతే ఆయిల్ ఎక్కణ్ణుంచి వస్తోందో, ఎందుకు వస్తోందో తేలాకే పానా పట్టుకో. కారణం అలాగే ఉంచి వేసిన ప్యాకింగ్ నెల తిరక్కముందే మళ్లీ చెమరుస్తుంది.

ముందు కేసంతా శుభ్రంగా కడుగు. గుంటూరు నల్లరేగడిలో తిరిగే బండికి బురద ఎండి పెచ్చు కడుతుంది, ఆ పెచ్చు ఆయిల్ పీల్చుకుని కేసంతా కారుతున్నట్టు కనిపిస్తుంది. డీజిల్, బ్రష్షుతో రుద్ది నీళ్లు కొట్టి ఆరనివ్వు. ఆరాక జాయింట్ల చుట్టూ, షాఫ్టుల దగ్గర ఆయిల్ ఆపే రబ్బరు సీళ్ల చుట్టూ ముఖానికి రాసుకునే పౌడరు చల్లి పది ఇరవై కిలోమీటర్లు తిప్పుకు రా. పౌడరు మీద తడి గీత ఎక్కడ మొదలైందో చూడు. ఆయిల్ కిందికి జారుతుంది, బండి నడుస్తుంటే గాలికి వెనక్కి పోతుంది. చుక్క పడే చోటు నీకు అక్కర్లేదు. అన్నిటికంటే పైన, అన్నిటికంటే ముందు తడిసిన చోటు కావాలి. ఇంజన్ వెనక సీలు కారినా ఆ ఆయిల్ గేర్‌బాక్సు కిందుగా పాకి ట్రాన్స్‌ఫర్ కేసు కిందే చుక్కగా పడుతుంది.

తెల్ల కాగితం మీద ఒక చుక్క పట్టి రంగు, వాసన చూడు. చైన్ ఉండే అల్యూమినియం కేసుల్లో ఎక్కువ వాటికి ఎర్రటి ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సులకు వాడే పల్చటి ఆయిల్) పోస్తారు, పాత జీపుల గేరు కేసులకు 90 నంబరు గేరాయిల్. గేరాయిల్‌కు గంధకం ఘాటు ఉంటుంది, ఆ వాసన ఒకసారి పట్టుకుంటే మర్చిపోలేవు. నీ కేసులో ఉండాల్సింది ఏటీఎఫ్ అయి, నల్లగా ఘాటుగా వస్తోందంటే అది గేర్‌బాక్సు నుంచి వస్తున్నట్టు.

దీన్ని తేల్చడానికి కేసు దించక్కర్లేదు. బండి సమంగా ఉన్న నేల మీద పెట్టి ట్రాన్స్‌ఫర్ కేసు లెవెల్ ప్లగ్ విప్పు. ఆయిల్ ప్లగ్ రంధ్రం అంచు దాకా ఉండాలి. విప్పగానే ధారగా బయటికి వచ్చిందంటే లోపల ఎక్కువైంది. ఎవరూ ఎక్కువ పోయకుండానే ఎక్కువైందంటే, గేర్‌బాక్సుకూ కేసుకూ మధ్య ఉండే ఇన్‌పుట్ సీలు పోయి గేర్‌బాక్సు ఆయిల్ ఇటు దిగుతోంది. అప్పుడు గేర్‌బాక్సు లెవెల్ కూడా చూడు, తగ్గి ఉంటుంది. ఇది తెలియక కేసు అతుకంతా విప్పి సిలికాన్ వేస్తే కేసు మళ్లీ నిండుతుంది, మళ్లీ కారుతుంది. అటు ఆయిల్ లేక గేర్‌బాక్సు బేరింగులు పోతాయి. కారడం కంటే అదే పెద్ద నష్టం.

ఇంకోటి బ్రీథర్. కేసు పైన చిన్న గొట్టమో, రబ్బరు పైపో ఉంటుంది. కేసు వేడెక్కినప్పుడు లోపలి గాలి వ్యాకోచించి దాని గుండా బయటికి పోవాలి. రేగడి బురద దాన్ని మూసేస్తే ఆ ఒత్తిడికి ఆయిల్ సీళ్ల పెదవుల మీదుగా బయటికి తోసుకొస్తుంది. సీళ్లు బాగానే ఉన్నా కారుతుంది. పైపు ఊడదీసి నోటితో ఊదు. గాలి పోకపోతే సన్నటి తీగతో, కంప్రెసర్‌తో శుభ్రం చేసి, రెండు మూడు రోజులు తిప్పి చూడు. అక్కడితో ఆగిపోతే నీ ఆదివారం మిగిలినట్టే. చెరువు గట్ల మీదా లంకల్లోనూ తిరిగే బండి అయితే ఆ పైపును పొడిగించి, చివర వంచి, ఇంజన్ గదిలో ఎత్తుగా కట్టు. వేడి కేసు ఒక్కసారిగా నీళ్లలో దిగితే లోపలి గాలి కుంచించుకుని బ్రీథర్ గుండా నీళ్లు పీలుస్తుంది. పాత బండి కొన్నావు కాబట్టి చెబుతున్నా, 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మునిగిన బళ్లు చాలా చేతులు మారాయి. డ్రెయిన్ చేసినప్పుడు ఆయిల్ పాలు కలిపిన కాఫీలా ఉంటే నీళ్లు చేరినట్టే. అప్పుడు ప్యాకింగ్ ఒక్కటి మారిస్తే సరిపోదు, బేరింగులు తుప్పు పట్టాయేమో చూడాలి.

ముందు, వెనక అవుట్‌పుట్ సీళ్లు మాత్రమే కారుతుంటే కేసు కిందికి దించొద్దు. కేసు నుంచి చక్రాల వైపు వెళ్లే పొడుగు షాఫ్టును, అంటే ప్రొపెల్లర్ షాఫ్టును విప్పి, కేసు బండి మీదుండగానే మార్చొచ్చు. అతుకు కారితేనో, ఇన్‌పుట్ సీలు పోతేనో దించాలి.

దించేటప్పుడు మొదటి జాగ్రత్త చక్రాలకు. వెనక ప్రొపెల్లర్ షాఫ్టు విప్పాక బండి గేర్లో ఉన్నా ఆగదు. కొన్ని పాత జీపుల్లో హ్యాండ్‌బ్రేకు డ్రమ్మే ట్రాన్స్‌ఫర్ కేసు వెనక ఉంటుంది, షాఫ్టు విప్పితే ఆ బ్రేకూ పోయినట్టే. నాలుగు చక్రాలకూ రెండు వైపులా చెక్క దిమ్మెలు పెట్టు. బండి కింద నిలబడి పనిచేసే గుంట ఉంటే సరే, లేకపోతే బండిని స్టాండ్ల మీద నిలుపు. జాక్ ఒక్కదాన్ని నమ్మి కిందికి దూరొద్దు. బ్యాటరీ నెగెటివ్ తీసెయ్యి.

పైనున్న ఫిల్లర్ ప్లగ్ విప్పాకే డ్రెయిన్ ప్లగ్ ముట్టుకో. ఆయిలంతా వదిలేశాక ఫిల్లర్ ప్లగ్ జామై రాకపోతే బండి కదిలించలేవు. కేసు గోరువెచ్చగా ఉండగా వదిలితే అడుగున పేరుకున్న రజను కూడా వస్తుంది. ప్లగ్ అయస్కాంతానికి బూడిద రంగు పేస్టులా అంటుకుంటే మామూలే. చేతికి గుచ్చుకునే ముక్కలో, మెరిసే పెచ్చులో ఉంటే చైనో బేరింగో పోతోంది.

షాఫ్టు విప్పే ముందు దాని చివరి ఫ్లాంజి మీదా, అది కలిసే కేసు వైపు యోక్ మీదా కలిసేలా పెయింటుతో ఒక గీత గియ్యి. మళ్లీ అదే స్థానంలో పడకపోతే బండి వణుకుతుంది. క్రాస్ బేరింగు కప్పులకు టేపు చుట్టు, లేకపోతే అవి ఊడి లోపలి సూది రోలర్లు మట్టిలో పడతాయి. తర్వాత లివర్ లింకు, స్పీడు సెన్సర్, ఫోర్‌వీల్ దీపం స్విచ్చి, బ్రీథర్ పైపు. మోటారుతో మారే కేసయితే బ్యాటరీ విప్పకముందే దాన్ని టూ‌వీల్‌లో పెట్టి, మోటారు ఏ కోణంలో ఉందో ఫొటో తీసుకో.

గేర్‌బాక్సు కింద చెక్క దిమ్మె పెట్టి జాకుతో పట్టించాకే వెనక మౌంటు, అడ్డ దూలం తియ్యి. కేసు బరువు ముప్పై, నలభై కిలోలు ఉంటుంది, ఇనుప కేసయితే ఇంకా ఎక్కువ. పడుకుని గుండెల మీదికి దించుకుందామని చూడొద్దు, గేర్‌బాక్సు జాకు అద్దెకు తెచ్చుకో. బోల్టులన్నీ వచ్చాక కేసును తిన్నగా వెనక్కి లాగు. బరువు ఇన్‌పుట్ షాఫ్టు మీద వేలాడితే సీలుతో పాటు స్ప్లైన్లూ (షాఫ్టు మీది పొడుగు పళ్లు) దెబ్బ తింటాయి. గేర్‌బాక్సు వైపు సీలు ఎలా ఉన్నా ఇప్పుడే మార్చెయ్యి. దాని కోసం మళ్లీ ఈ పనంతా చేయలేం.

కేసు బల్ల మీదికి వచ్చాక ఒక అట్టముక్క మీద కేసు బొమ్మ గీసి, ఏ బోల్టు ఎక్కడిదో అక్కడే గుచ్చు. పొడవు తేడా ఉంటుంది. పొట్టి రంధ్రంలో పొడుగు బోల్టు బిగిస్తే అల్యూమినియం పగులుతుంది. రెండు భాగాలను విడదీయడానికి కేసు అంచున చెవుల్లాంటి జాగాలు ఇస్తారు, అక్కడే ఇనుప కడ్డీ పెట్టి ఎత్తు. అతుకు మధ్యలో స్క్రూడ్రైవరు దూర్చి తిప్పావంటే పడే గాటును ఏ సిలికానూ పూడ్చదు. కొన్ని కేసుల్లో వెనక బేరింగుకు సర్‌క్లిప్ ఉంటుంది, అది తీస్తేగాని మూత రాదు. రావడం లేదంటే ఏదో బోల్టో, క్లిప్పో మిగిలిందని అర్థం. బలం పెట్టకుండా వెతుకు.

ఇక పని నిలబడేదీ పాడయ్యేదీ రెండు భాగాలు ఆనే జాయింటు ఫేసు శుభ్రం చేసే దగ్గరే. గంట పట్టినా పట్టనీ. పాత సిలికాన్‌ను ప్లాస్టిక్ గీకుడు బిళ్లతోనో, పడుకోబెట్టి పట్టిన బ్లేడుతోనో తియ్యి. గ్రైండరుకు పెట్టే ఎమెరీ చక్రం వాడకు. అది అల్యూమినియంలో పల్లాలు తీస్తుంది, దాని గరుకు రజను బేరింగుల్లో చేరి వాటిని అరగదీస్తుంది. కడిగేటప్పుడు చాలామంది చేసే పొరపాటు, డీజిల్‌తో తుడిచి దాని మీదే సిలికాన్ వేయడం. డీజిల్ ఆరినట్టు కనిపిస్తుంది గానీ జిడ్డు పొర వదిలిపోతుంది, సిలికాన్ దానికి అంటుకోదు. చివరి తుడుపు బ్రేక్ క్లీనరుతోనో, అసిటోన్‌తోనో, తెల్లటి బట్టతో చెయ్యి. బట్టకు మరక రావడం ఆగేదాకా తుడువు. బోల్టు రంధ్రాల అడుగున నిలిచిన ఆయిల్‌ను గాలితో ఊదెయ్యి. అవతలికి దారిలేని రంధ్రంలో ఆయిల్ ఉండగా బోల్టు బిగిస్తే ఆ ఒత్తిడికే కేసు చిట్లొచ్చు. తర్వాత ఫేసు మీద స్టీలు స్కేలు నిలబెట్టి, కింద ఫీలర్ గేజి (సందు కొలిచే పల్చటి రేకులు) పెట్టి చూడు. 0.05 మిల్లీమీటర్ల బ్లేడు దూరుతోందంటే ఫేసు వంగింది, ఆటోనగర్‌లో ఫేసింగ్ చేయించు.

కేసు తెరిచి ఉండగానే లోపలి ఆయిల్ పంపు జల్లెడ, అయస్కాంతం కడిగి పెట్టు. పాత సిలికాన్ తునకలు ఆ జల్లెడలో కనిపిస్తే ఇంతకు ముందు వేసినవాడు ట్యూబంతా పిండాడన్నమాట. ఎక్కువైన సిలికాన్ సగం బయటికి వస్తే సగం లోపలికి పోతుంది. అది ఊడి జల్లెడకు అడ్డం పడితే పంపుకు ఆయిల్ అందదు, పైనున్న బేరింగులూ బుష్‌లూ ఎండి కాలిపోతాయి.

అందుకే ఆయిల్‌కు తట్టుకునే బూడిద రంగు ఆర్‌టీవీ సిలికాన్ తీసుకుని, రెండు మూడు మిల్లీమీటర్ల లావు గీత ఒక్కటే, తెగకుండా వెయ్యి. బోల్టు రంధ్రాల దగ్గర లోపలి వైపుగా వంచి తిప్పు, ఆయిల్ ఆ రంధ్రం దాకా రాకూడదు. గీత వేశాక అయిదు నిమిషాల్లో మూత పెట్టెయ్యి. మన బెజవాడ మే ఎండలో ఇది మరీ ముఖ్యం. ఆర్‌టీవీ గాలిలోని తేమతో ఆరుతుంది, వేడికి పైన తొందరగా పొర కడుతుంది. పొర కట్టాక మూత పెడితే రెండో ఫేసుకు అంటదు. పొద్దున్నే, నీడలో చెయ్యి. రెండు భాగాలను వరస కుదిర్చే డోవెల్ పిన్నుల మీద మూత తిన్నగా దించు, ఒకసారి ఆనాక ఎత్తి మళ్లీ పెట్టకు. ఎత్తావంటే తుడిచి మొదటికి రావాల్సిందే. బోల్టులు ముందు వేళ్లతో, తర్వాత ఎదురెదురుగా రెండు విడతల్లో. అల్యూమినియంలో 8 మిల్లీమీటర్ల బోల్టుకు 20 నుంచి 25 న్యూటన్ మీటర్లు, 10 మిల్లీమీటర్లదానికి 35 నుంచి 40 సరిపోతాయి. నీ బండి మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే పాటించు. పాత కేసుకు పేపర్ ప్యాకింగ్, షిమ్ములు (మందం సరిచేసే పల్చటి రేకులు) ఉంటే వాటి చోట సిలికాన్ వేయొద్దు. బేరింగు ఎంత వదులుగా ఆడాలో ఆ మందమే నిర్ణయిస్తుంది.

ఆయిల్ సీళ్లకు పాతది చేత్తో పట్టుకుని వెళ్లు. దాని మీద 45 65 10 అని ఉంటే లోపలి వ్యాసం 45, బయట 65, మందం 10 మిల్లీమీటర్లు. కొత్తది కొట్టే ముందు యోక్‌లో సీలు ఆనే చోట గోరుతో అడ్డంగా గీకు. గోరు పట్టుకునేంత గాడి ఉంటే కొత్త సీలు కూడా కారుతుంది. పల్చటి స్లీవ్ తొడిగించు, లేదా యోక్ మార్చు. లేతులో కొద్దిగా తీయించేద్దామనుకోకు. ఉలి వదిలిన మరచుట్టు గీతలు షాఫ్టు తిరిగేటప్పుడు ఆయిల్‌ను బయటికి తోడిపోస్తాయి. సీలు పెదవి ఆయిల్ వైపుకు ఉండాలి. వెనకున్న సన్నటి స్ప్రింగు సుత్తి దెబ్బకు ఎగిరిపోకుండా ఆ గాడిలో గ్రీజు నింపు. సీలు అంచుకు సరిపోయే పైపు ముక్కతో, చుట్టూ సమంగా కొట్టు. యోక్ పెట్టేటప్పుడు స్ప్లైన్లకు, వాషరు కింద కొద్దిగా ఆర్‌టీవీ పుయ్యి, ఆయిల్ స్ప్లైన్ల సందుగుండా కూడా వస్తుంది. నట్టు కొత్తదే వాడు. వెనక టెయిల్ బుష్ అరిగి యోక్ పైకీ కిందికీ ఆడుతుంటే సీలు ఎన్నిసార్లు మార్చినా నిలవదు, బుష్ కూడా వేయించు.

బిగించాక 24 గంటలు ఆగి ఆయిల్ పొయ్యి. రకం మాన్యువల్ చూసి తీసుకో, కొలత చాలా చైన్ కేసులకు లీటరు నుంచి లీటరున్నర లోపే. సమంగా నిలిపి, రంధ్రం అంచున చుక్క జారేదాకా పోస్తే చాలు. ప్లగ్ మర చివరికి సన్నబడే రకమైతే (టేపర్) మరీ గట్టిగా బిగించొద్దు, కేసు పగులుతుంది. గేర్‌బాక్సు లెవెల్ కూడా నింపు. ఫోర్‌వీల్ పరీక్ష ఇసుకలోనో మట్టి దారిలోనో చెయ్యి. తారు రోడ్డు మీద మలుపు తిప్పితే ముందు వెనక చక్రాలు తిరిగే వేగాల తేడా పోవడానికి దారిలేక ఆ బిగువంతా చైన్ మీద పడుతుంది. పది కిలోమీటర్లకు ఒకసారి, 500కు ఒకసారి కిందికి చూడు, ప్రొపెల్లర్ షాఫ్టు బోల్టులు మళ్లీ బిగించు.

సీళ్ల మీది అంకెలు రాసి పంపు, ఇక్కడ ఆటోనగర్‌లో చూసి ఉంచుతాను.

మీ మావయ్య,
విజయవాడ