బెంగళూరు బోరు నీళ్లు: సాఫ్ట్‌నర్ కొనేముందు తెలుసుకోవలసినవి

తెలుగు ప్రాంతాల నుంచి ఉద్యోగాలకు వచ్చి వైట్‌ఫీల్డ్, సర్జాపుర రోడ్డు వైపు ఇల్లు చూసుకునేవారు అద్దె, అడ్వాన్సు గురించి అడిగినంత వివరంగా నీటి గురించి అడగరు. 2024 అక్టోబరులో కావేరి తాగునీటి పథకం ఐదో దశ ప్రారంభమైనా, శివార్లలోని అపార్ట్‌మెంట్లలో ఇప్పటికీ చాలావాటికి బోరు, ట్యాంకరు నీళ్లే ఆధారం. కాబట్టి మీ భవనానికి ఏ నీరు వస్తుందో ముందే కనుక్కోండి.

రాతి పొరల్లో నిలిచిన నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు కరిగి ఉంటాయి. సబ్బు నురగ రాకపోవడం, కందిపప్పు ఎంతసేపటికీ ఉడకకపోవడం, కుళాయిలపై తెల్లని పొర కట్టడం వీటివల్లనే. నీరు వేడెక్కినప్పుడు బైకార్బొనేట్లు కార్బొనేట్లుగా మారి గీజరు కాయిల్ మీద గట్టిగా పేరుకుంటాయి; ఆ పొర వేడిని నీటికి అందనివ్వదు కనుక కరెంటు వృథా అవుతుంది, చివరకు కాయిల్ కాలిపోతుంది. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం, అంటే ఈ లవణాల మోతాదు, లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు. వేరే నీటి వనరు లేనప్పుడు 600 వరకు అనుమతి ఉంది.

ఈ కాఠిన్యాన్ని తొలగించే యంత్రమే సాఫ్ట్‌నర్. దాని ట్యాంకులో సోడియం పట్టుకుని ఉన్న, ప్లాస్టిక్ లాంటి సన్నని రెసిన్ పూసలు ఉంటాయి. నీరు వాటి గుండా పోయేటప్పుడు ఒక్కో కాల్షియం అయాన్ పూసకు అతుక్కుని, దాని బదులు రెండు సోడియం అయాన్లు నీటిలోకి వస్తాయి. పూసలు నిండిపోయాక చిక్కని ఉప్పునీటితో కడిగితే మళ్లీ పనికొస్తాయి. నలుగురున్న ఇంట్లో రోజుకు 540 లీటర్లు వాడితే, కాఠిన్యం లీటరుకు 400 మిల్లీగ్రాములు ఉన్నచోట, రోజుకు 216 గ్రాముల కాఠిన్యాన్ని తొలగించాలి. లీటరు రెసిన్ సుమారు 50 గ్రాములు పట్టుకుంటుందనుకుంటే, 25 లీటర్ల యంత్రం ఐదారు రోజులకొకసారి ఉప్పు అడుగుతుంది. ఈ లెక్క వేయకుండా అమ్మకందారు చెప్పిన సైజు తీసుకోకండి.

చాలామంది టీడీఎస్ (నీటిలో కరిగిన మొత్తం లవణాలు) మీటరు అంకె చూసి సాఫ్ట్‌నర్ కొంటారు, అది సరికాదు. సాఫ్ట్‌నర్ లవణాలను మారుస్తుందే గాని టీడీఎస్‌ను తగ్గించదు. చుక్కలు వేసి రంగు మార్పు చూసే కాఠిన్యం కిట్‌తో పరీక్షించుకోవాలి. పైన చెప్పిన 400 కాఠిన్యం పూర్తిగా పోతే లీటరుకు దాదాపు 184 మిల్లీగ్రాముల సోడియం అదనంగా చేరుతుంది. ఇంట్లో రక్తపోటు ఉన్న పెద్దలుంటే ఈ సంగతి తప్పక గుర్తుంచుకోండి. వంటకు, తాగడానికి ఆర్‌వో నీరో కావేరి నీరో వేరుగా ఉంచండి. మొక్కలకూ సాఫ్ట్‌నర్ నీరు పోయవద్దు, రెసిన్ కడిగిన ఉప్పునీటిని ఇంకుడుగుంతలోకి అసలే వదలవద్దు.

అద్దెకున్నవారు సొంత యంత్రం కొనేముందు అసోసియేషన్‌కు ఉమ్మడి ప్లాంటు ఉందో లేదో అడగాలి. ఉంటే, ఉప్పు ఎన్నాళ్లకొకసారి వేస్తున్నారో కనుక్కుని, మీ కుళాయి నీటిని మీరే కిట్‌తో చూసుకోండి.