గన్నేరు అంటే ఏ గన్నేరు?

పెరటి మొక్కలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పేర్ల తికమకే. ఏళ్ల తరబడి బోటనీ పాఠాలు చెప్పినదాన్ని, ఇలాంటి ఉత్తరాలంటే నాకు ఇష్టం. అయితే మొదటి ఉత్తరం చదవగానే గుండె గుభేలుమంది. అందుకే వరస తప్పించి దాన్ని ముందు పెట్టాను.

ప్రశ్న: మా ఆయనకు షుగరు. రోజూ పరగడుపున గన్నేరు ఆకులు నమిలితే తగ్గుతుందని తెలిసినవాళ్లు చెప్పారు. మా గేటు పక్కనే ఎర్రగన్నేరు ఉంది. ఆ ఆకులు వాడొచ్చా?
- ఒక పాఠకురాలు, సూర్యాపేట

జవాబు: వద్దమ్మా. ఒక్క ఆకు కూడా నోట్లో పెట్టుకోనివ్వకండి. ఎర్రగన్నేరు ఆకు, పువ్వు, బెరడు, వేరు అన్నీ విషమే. అందులో ఉండే ఒలియాండ్రిన్ తిన్నగా గుండె మీదే పనిచేస్తుంది. వాంతులు మొదలవుతాయి, గుండె కొట్టుకోవడం నెమ్మదిస్తుంది, లయ తప్పుతుంది, ప్రాణం మీదికి వస్తుంది. ఎండబెట్టినా, కషాయం కాచినా ఆ విషం పోదు. హైవే డివైడర్ల మీద గన్నేరు ఎందుకు వేస్తారు? ఎండకు తట్టుకుంటుంది, పశువులు నోరు పెట్టవు.

మీకు చెప్పినవాళ్ల మనసులో ఉన్నది బిళ్ళగన్నేరు అయ్యుంటుంది. షుగరుకు దాని ఆకు నమలడం మన ఊళ్లలో పాత అలవాటే. ఆ నోటా ఈ నోటా పడేసరికి 'బిళ్ళ' ఎగిరిపోయి 'గన్నేరు' మిగిలింది. రెండూ ఒకే కుటుంబానికి చెందినవే గానీ, పక్కపక్కన పెడితే పోలికే ఉండదు. ఎర్రగన్నేరు మనిషిని మించి పెరిగే పొద. ఆకు జానెడు పొడవున, సన్నగా, దళసరిగా ఉంటుంది. కణుపుకు మూడేసి ఆకులు వస్తాయి. మధ్య ఈనె నుంచి రెండు పక్కలకూ సన్నటి గీతలు దువ్వినట్టు దగ్గరదగ్గరగా పోతాయి. బిళ్ళగన్నేరు మోకాలి ఎత్తు మొక్క. ఆకు మెత్తగా, కోలగా ఉంటుంది, కణుపుకు రెండేసి ఎదురెదురుగా వస్తాయి. పువ్వు అయిదు రెక్కలతో బల్లపరుపుగా విచ్చుకుంటుంది, చాలా రకాల్లో నడుమ ముదురు రంగు చుక్క ఉంటుంది. నర్సరీల్లో దీన్ని వింకా అంటారు. అది దాని పాత శాస్త్రీయ నామం. 1837లోనే కాథరాంథస్ అని మార్చారు, అయినా వాడుకలో పాతదే నిలిచిపోయింది.

అలాగని బిళ్ళగన్నేరు నమలమని నేను చెప్పడం లేదు. జమైకాలో షుగరుకు ఈ ఆకు కషాయం తాగుతారని తెలిసి 1950లలో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ దాన్ని ఎలుకల మీద పరీక్షించారు. రక్తంలో చక్కెర తగ్గలేదు. తెల్లరక్తకణాలు మాత్రం బాగా పడిపోయాయి. విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందు అలా బయటపడింది. పిల్లల బ్లడ్ క్యాన్సర్‌కు ఇప్పటికీ వాడుతున్న విన్‌క్రిస్టిన్ కూడా ఈ మొక్కలోదే. అంత పని చేసే ఆకును డాక్టరు ప్రమేయం లేకుండా, కొలతా లెక్కా లేకుండా రోజూ తినడం ఎంత ప్రమాదమో చూడండి. ఆయన వేసుకుంటున్న మాత్రలు మాత్రం మానిపించకండి.

ఇప్పటికే తిన్నారా? ఇబ్బందేమీ కనిపించకపోయినా సరే, వెంటనే 108కి ఫోన్ చేయండి. ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించే ప్రయత్నాలు వద్దు. ఆ చెట్టు కొమ్మ ఒకటి సంచిలో వేసుకుని ఆసుపత్రికి వెళ్లండి. ఏం తిన్నారో డాక్టర్లు వెంటనే గుర్తించడానికి పనికొస్తుంది.

ప్రశ్న: పచ్చగన్నేరు కావాలని అడిగితే కడియం నుంచి తెచ్చానంటూ ఒకాయన మొక్క ఇచ్చాడు. గుత్తులుగుత్తులుగా పసుపు గంటలు పూస్తోంది. మా అత్తగారు అది పచ్చగన్నేరే కాదంటున్నారు. ఎవరి మాట నిజం?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ అత్తగారి మాటే. ఆకు అంచున రంపపు పళ్లు ఉన్నాయేమో, ఒకే కాడకు చిన్న ఆకులు జతలుగా ఉన్నాయేమో చూడండి. ఉంటే అది టెకోమా. తుంచితే పాలు రావు. పచ్చగన్నేరు ఆకు సన్నగా, ఒంటరిగా ఉంటుంది, తుంచగానే తెల్లటి పాలు కారతాయి. పువ్వు సగం విచ్చుకుని ఆగిపోతుంది. పసుపు పూల మొక్కల్లో అల్లమండ అని ఇంకోటుంది. దానికీ పాలున్నాయి గానీ పువ్వు వెడల్పుగా నోరు తెరుచుకుని ఉంటుంది, నిగనిగలాడే ఆకులు కణుపు చుట్టూ మూడు నాలుగు చేరతాయి.

నన్నడిగితే మీకు దొరికిన టెకోమానే ఉంచుకోండి. పల్లెల్లో 'గన్నేరు పప్పు' అని భయంగా చెప్పుకునేది పచ్చగన్నేరు కాయలోని గింజనే. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ కాయలు రాలే చెట్టు వాకిట్లో వద్దనే నా అభిప్రాయం. మీ అత్తగారికి పూజకు పసుపు పూలు కావాలంటే టెకోమా సంవత్సరంలో చాలా నెలలు పూస్తుంది.

ప్రశ్న: నందివర్ధనం కోసం వెతికి వెతికి ఇక్కడ కేప్ జాస్మిన్ కొన్నాను. వాసన గుప్పుమంటోంది. తెల్లగా విచ్చిన పువ్వు మర్నాటికి పసుపుపచ్చగా మారుతోంది. ఎందుకలా?
- ఒక పాఠకుడు, హ్యూస్టన్

జవాబు: మీ దగ్గరున్నది గంధరాజం బాబూ. నందివర్ధనాన్ని అక్కడ క్రేప్ జాస్మిన్ అంటారు. ఒక్క అక్షరంలో మొక్కే మారిపోయింది. రెండూ మల్లె జాతివి కావు. గంధరాజం పుట్టిల్లు ఆ 'కేప్' ఉన్న ఆఫ్రికా కూడా కాదు, చైనా వైపు. పువ్వు వాడేటప్పుడు పసుపెక్కడం దాని సహజ గుణం, జబ్బేమీ కాదు. నందివర్ధనం రాలేదాకా తెల్లగానే ఉంటుంది, ఆకు తుంచితే పాలు వస్తాయి. ఈసారి టాబర్నేమోంటానా అని అడగండి. పలకడం కష్టమే, కాగితం మీద రాసి చూపించండి. మంచు పడితే తట్టుకోలేదు కాబట్టి కుండీలో పెంచి చలికాలం లోపలికి తెచ్చుకోండి. గంధరాజాన్ని తీసేయకండి, పుల్లటి నేలలో ఉంచితే ఆకులు పాలిపోకుండా ఏళ్ల తరబడి పూస్తుంది.

ప్రశ్న: మా మేడ మీద బ్రహ్మకమలం పూసింది. హిమాలయాల పువ్వు మా ఎండల్లో ఎలా పూసింది?
- ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: మీరు పెంచుతున్నది మెక్సికో, మధ్య అమెరికాల నుంచి వచ్చిన కాక్టస్. ఆకులనుకుంటున్నవి నిజానికి బల్లపరుపు కాండాలే. రాత్రి పూసి తెల్లారేసరికి వాలిపోతుంది. హిమాలయాల్లో మంచుకొండల మీద పూసే బ్రహ్మకమలం వేరు. అది ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పం, మన కుండీల్లో బతకదు. మీ పువ్వుకు కొందరు నైట్ క్వీన్ అనే పేరూ వాడతారు. ఆ పేరుతోనే రేరాణి పొదనూ అమ్ముతారు కాబట్టి కొనేటప్పుడు ఆకు చూసి కొనండి.

ప్రశ్న: గోరింట అని కొమ్మ తెచ్చి నాటాను. ముళ్లొచ్చాయి. ఆకు నూరి పెట్టుకుంటే చెయ్యి పండలేదు.
- ఒక పాఠకురాలు, జగిత్యాల

జవాబు: పసుపు పూలు పూసిందా? అయితే ములుగోరింట. డిసెంబరు పూలకు, కనకాంబరానికి చుట్టం, గోరింటకు ఏమీ కాదు. ముళ్లు చూసి మాత్రం తేల్చకండి, ముదిరిన గోరింట కొమ్మలకూ ముళ్లొస్తాయి. పూలు చూడండి. అసలు గోరింటకు సన్నటి లేత పసుపు పూలు గుత్తులుగా వచ్చి కమ్మటి వాసన వేస్తాయి. ఆకు నూరి వేలికి పెట్టుకుంటే కాసేపటికే రంగు పట్టాలి. అలా చేతికి పండిన చెట్టు నుంచే, వానలు మొదలవగానే, పెన్సిలంత లావున్న ముదురు కొమ్మ తెచ్చి నాటుకోండి.