ఫిలడెల్ఫియాలోని జర్మన్‌టౌన్ హైస్కూల్ వందేళ్లు నిండకుండానే ఎందుకు మూతపడింది?

పిల్లలు తగ్గారు, డబ్బూ లేదు. 1914లో తెరిచిన ఈ ప్రభుత్వ బడిని 2013లో, సరిగ్గా నూరేళ్ల వేడుకకు ఏడాది ముందు మూసేశారు. అప్పటికే నగరంలో చాలామంది చార్టర్ స్కూళ్ల వైపు వెళ్లిపోయారు (అవీ ప్రభుత్వ నిధులతోనే నడుస్తాయి, యాజమాన్యం మాత్రం వేరు). అంత పెద్ద భవనంలో గదులు ఖాళీ, నిర్వహణ ఖర్చు మాత్రం తగ్గదు. అప్పట్లో నగర ప్రభుత్వ బడులను నడిపిన, బడ్జెట్ లోటులో ఉన్న స్కూల్ రిఫార్మ్ కమిషన్ ఆ మార్చిలో ఒక్కసారే 23 బడుల మూతకు ఓటేసింది.

నా దృష్టిలో అసలు చిక్కు ఆ తర్వాతే. ఇక్కడి పిల్లల్లో చాలామందిని మార్టిన్ లూథర్ కింగ్ హైస్కూల్‌కు పంపారు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఆ రెండు బడులకూ అస్సలు పడేది కాదు. నిన్నటిదాకా మైదానంలో ఢీకొన్న కుర్రాళ్లే ఆ ఏడాది ఒకే జెర్సీ వేసుకుని ఆడాల్సి వచ్చింది.